పుట్టుమచ్చ ధర్మమా అని!

హాస్యచిత్రాల్లో తప్పులు వెతికేవాళ్ళ మీద నాకేమీ కోపం లేదు. పట్టవలసిన తప్పు పట్టకుండా వదిలేస్తున్నారనే నా కోపమంతా!

ఈ విద్య ఇవాళ కొత్తగా పుట్టింది కాదు. టూరింగు టాకీసుల రోజుల్లోనూ పక్క కుర్చీ పెద్దమనిషి "అదెలా కుదురుతుందండీ?" అని గొణుగుతూనే వుండేవాడట. అయితే అప్పుడు రీలు ఎవరికోసమూ ఆగేది కాదు. ఆయన గొణుగుడు తరువాతి పాటలో కలిసిపోయేది. ఇప్పుడు బొమ్మ అరచేతిలోకి వచ్చింది. కావలసినచోట ఆపొచ్చు, వెనక్కి తిప్పొచ్చు, పెద్దది చేసి చూడొచ్చు. దాంతో ఇంటికొక పరిశోధకుడు బయల్దేరాడు. మా ఇంట్లోనూ వున్నాడు ఒకడు, మా అక్క కొడుకు. సరిగ్గా నవ్వొచ్చేచోట ఆపేస్తాడు. "చూశావా పిన్నీ, ఇందాక పూలు కుడివైపున్నాయి, ఇప్పుడు ఎడమవైపున్నాయి" అంటాడు. అనేసి, ఆ సినిమా తీసినవాళ్ళందరికంటే నాలుగాకులు ఎక్కువ చదివినట్టు కాలు మీద కాలేసుకుంటాడు.

పూల సంగతి పోనిద్దాం. షాటుకీ షాటుకీ మధ్య పూలు జరిగితే కథకి వచ్చే నష్టమేమీ లేదు. కథలోనే చిల్లులున్నాయనేవాళ్ళతోనే నాకు పేచీ. ఆ వాదన ఎలా వుంటుందో, అది ఎక్కడ దారి తప్పుతుందో చెప్పడానికి అందరూ ఎరిగిన సినిమానే తీసుకుంటాను. "మిస్సమ్మ".

విజయావారి "మిస్సమ్మ" 1955 జనవరిలో విడుదలైంది. నాగిరెడ్డి, చక్రపాణిగార్లు నిర్మాతలు, ఎల్.వి. ప్రసాద్‌గారు దర్శకులు, మాటలూ పాటలూ పింగళి నాగేంద్రరావుగారివి. రవీంద్రనాథ్ మైత్ర అనే బెంగాలీ రచయిత హాస్యరచన "మన్మొయీ గర్ల్స్ స్కూల్" దీనికి ఆధారం. చూడని చిన్నవాళ్ళ కోసం కథ నాలుగు ముక్కల్లో చెబుతాను. అప్పాపురం జమీందారు గోపాలంగారు ఒక బడి నడుపుతుంటారు. ఆ బడికి బి.ఏ. చదివిన పంతులూ పంతులమ్మా కావాలి, వాళ్ళు ఆలుమగలై వుండాలి అని ప్రకటన ఇస్తారు. ఎం.టి. రావూ మేరీ ఇద్దరూ బి.ఏ.లే, ఇద్దరూ నిరుద్యోగులే, ఒకరికొకరు ఏమీ కారు. పైగా అతను హిందువు, ఆమె క్రైస్తవురాలు. ఇంటిమీదున్న అప్పు సాకుతో డేవిడ్ అనేవాడు పెళ్ళాడమని మేరీ వెంటపడుతుంటాడు. ఇక గతిలేక ఇద్దరూ మొగుడూ పెళ్ళాలమని అబద్ధమాడి ఉద్యోగంలో చేరతారు. ఆ గోపాలంగారికి చిన్నప్పుడే తప్పిపోయిన పెద్దకూతురు ఒకతె వుంది, మహాలక్ష్మి. ఆ పిల్ల కాలిమీద పుట్టుమచ్చ. మేనల్లుడు రాజుకి డిటెక్టివు పిచ్చి. ఆ మచ్చని పట్టుకుని వెతగ్గా వెతగ్గా మేరీయే మహాలక్ష్మి అని తేలుతుంది. రావుకీ మేరీకీ పెళ్ళి. శుభం.

రామారావు, సావిత్రి, నాగేశ్వరరావు, జమున, రంగారావు, రేలంగి, రమణారెడ్డి, ఇంతమంది ఒక్కచోట చేరి నవ్వించిన నవ్వు అది. డబ్బుకి "తైలం" అనే ముద్దుపేరు ఊరూరా తిరిగింది ఆ సినిమా పుణ్యమే.

ఇప్పుడు మావాడి అభియోగాలు వినండి. ఉద్యోగం ఇచ్చే పెద్దమనిషి పెళ్ళయినట్టు ఒక్క ఋజువైనా అడగడా? ఎప్పుడు చూసినా కీచులాడుకునే ఇద్దర్ని చూసి ఆ ఇంట్లో ఎవరికీ అనుమానం రాదా? క్రైస్తవుల ఇంట పెరిగిన పిల్ల హిందువుల ఇంటి ఇల్లాలిగా నటిస్తుంటే ఆడవాళ్ళు ఇట్టే పసిగట్టరా? అన్నిటికీ మించి, కన్నకూతురు కళ్ళెదుట తిరుగుతుంటే తల్లికి తెలియదా?

ఒక్కొక్కటే చూద్దాం. పెళ్ళికి ఋజువా! 1955లో ఏ ఇంట్లో పెళ్ళి కాగితం వుండేదండీ? మెడలో తాళి, నోట్లో మాట, అంతే ఋజువు. ఇవాళ మాత్రం? ఇల్లు అద్దెకి అడిగితే "పెళ్ళయిందా?" అని ఇంటావిడ ఆరా తీస్తుంది. అయిందంటే చాలు, తాళంచెవి ఇచ్చేస్తుంది. కాదంటే ఎన్ని కాగితాలు చూపించినా తలుపు తియ్యదు. గోపాలంగారు ఆలుమగలు కావాలనుకున్నారు, ఆలుమగలే కనిపించారు.

ఇక కీచులాట. అంతకంటే గట్టి ఋజువు ఇంకేం కావాలి? పొద్దస్తమానం ఒకరి ముఖం ఒకరు చూసుకుని మురిసిపోతుంటే అనుమానించాలిగాని, పోట్లాడుకుంటుంటే పదేళ్ళ కాపరం అనుకోరూ!

ఆడవాళ్ళు పసిగట్టరా అనేది కాస్త ఆలోచించవలసిన ప్రశ్నే. కాని పంతులమ్మ, అందులోనూ బి.ఏ. చదివింది అనగానే, ఆవిడ ఏం చేసినా "చదువుకున్నవాళ్ళు, అలాగే వుంటారులే" అని సర్దుకునే రోజులు అవి. తల్లి సంగతీ అంతే. పసిపిల్లగా పోయిన కూతురు తల్లి కళ్ళల్లో పసిపిల్లగానే వుండిపోతుంది. ఆ పసిపిల్ల బి.ఏ. పట్టా పుచ్చుకుని జీతానికి వస్తుందని ఏ తల్లి ఎదురుచూస్తుంది?

ఇంకో తమాషా వుంది. ఇదే విజయావారు 1957లో "మాయాబజార్" తీశారు. ఘటోత్కచుడు శశిరేఖ వేషంలో పెళ్ళిపీటల మీద కూర్చున్నాడంటే మావాడికి ఏ అభ్యంతరమూ లేదు. పెట్టె తెరిస్తే ఎవరి మనసులోని వాళ్ళు వాళ్ళకి కనబడ్డారంటే ఔనంటాడు. పాండవుల ఇంటి పెళ్ళికథలో ఒక్క పాండవుడైనా తెరమీదికి రాడన్న సంగతి నేను చెప్పేదాకా వాడు గమనించనే లేదు. అది పురాణం కదా పిన్నీ అంటాడు. చూశారా! కిరీటం పెట్టుకుంటే ఏది చేసినా చెల్లుతుంది, పంచె కట్టుకున్నవాడు మాత్రం ఋజువులు చూపించాలి.

అసలు ఈ పరిశోధకుల చేతికి "కన్యాశుల్కం" ఇస్తే ఏమవుతుందో! 1892లో మొదటిసారి ప్రదర్శించి, 1897లో అచ్చువేసి, 1909లో గురజాడవారు మళ్ళీ తిరగరాసి పెంచిన నాటకం. కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడపిల్ల వేషం వేసి లుబ్ధావధాన్లుకి అమ్మేస్తాడు. పెళ్ళి జరిగిపోతుంది. "మగపిల్లాడని ఆ ఇంటిల్లిపాదిలో ఒక్కరైనా కనిపెట్టలేదా? ఎంత చిల్లు!" అనాలి కదా మరి? ఆ చిల్లు పూడ్చి చూడండి, నాటకమే మిగలదు. ముసలాయన చూసింది బేరాన్ని. పిల్లనెవరూ చూడలేదు. ఆడపిల్లకి ధర కట్టే చోట ఆ పిల్ల ముఖం ఎవరూ చూడరన్నదే గురజాడవారు చెప్పదలచిన మాట. నమ్మశక్యం కానిదే అక్కడ నేరారోపణ.

"గుండమ్మ కథ" కూడా అలాంటిదే. 1962లో వచ్చింది, కమలాకర కామేశ్వరరావుగారి దర్శకత్వం. ఇంట్లో చేరిన పనివాడు అంజి ఎవరో, ఏ ఊరివాడో కనుక్కోకుండా గుండమ్మ సవతి కూతుర్ని ఇచ్చి పెళ్ళి చేస్తుందా అని ఆశ్చర్యపోతారు కొందరు. చెయ్యక? లక్ష్మి ఎవరి పాలబడితే ఆవిడకేం? వాకబు చెయ్యకపోవడంలోనే గుండమ్మ గుణమంతా వుంది. సూర్యకాంతంగారిని ఆ వేషంలో చూశాక కూడా ఆ ప్రశ్న అడగాలనిపించిందంటే, అది చూసేవాళ్ళ లోపం.

ఇంతవరకూ వచ్చాక, "అయితే హాస్యం పేరు చెప్పి ఏం చేసినా సరేనా?" అని మీరు నన్ను నిలదీయవచ్చు. సరి కాదు. ముమ్మాటికీ సరి కాదు. నేను కూడా కథలు అల్లి బతికేదాన్నే కనుక ఈ విషయంలో నాకొక కొలత వుంది. చిక్కు వెయ్యడానికి కథకుడు ఎంత పెద్ద అబద్ధమైనా ఆడవచ్చు. దాన్ని మనం కానుకగా ఇచ్చేస్తాం. కాని ఆ చిక్కు విప్పడానికి మాత్రం అబద్ధం ఆడకూడదు. విప్పవలసింది పాత్రలు, వాళ్ళ బుద్ధితో, వాళ్ళ తెగువతో. పైనుంచి ఒక చెయ్యి వచ్చి ముడిని పుటుక్కున తెంపేసి "ఇదుగో, వీడిపోయింది" అంటే, అది మోసం.

ఈ కొలతతో "మిస్సమ్మ"ని కొలవండి. పెళ్ళికాని ఇద్దరు పెళ్ళయినట్టు నటించడం చిక్కు వేసే అబద్ధం. పైగా దాని కింద పచ్చి నిజం వుంది. బి.ఏ. ప్యాసయిన ఇద్దరు కడుపు నింపుకోవడానికి మొగుడూ పెళ్ళాలం అని చెప్పుకోవలసి వచ్చింది. ఆ నిజం బలం మీదే అంత అబద్ధమూ నిలబడింది. సరే. తరువాత? ఒకే చూరు కింద వుంటూ వుంటూ, ఉడుక్కుంటూ, దెప్పుకుంటూ, అసూయ పడుతూ ఇద్దరి మనసులూ కలిశాయి. చూస్తున్న చంటిపిల్లకి కూడా తెలిసిపోయేంతగా కలిశాయి. ఇప్పుడు పడింది అసలైన ముడి. అతను హిందువు, ఆమె క్రైస్తవురాలు. ఏం చేస్తారు?

ఏమీ చెయ్యక్కరలేదు. పుట్టుమచ్చ ధర్మమా అని ఆమె హిందువుల పిల్లే అయిపోయింది!

ఇదండీ చిల్లు! ఏనుగు పట్టేంత చిల్లు! దీన్ని వదిలిపెట్టి, ఋజువు అడగలేదేమని గోపాలంగారి వెంటపడతారు. మచ్చ కుడికాలికా ఎడమకాలికా అని వాదించుకుంటారు. ఆ మచ్చ ఎందుకు అవసరమైందని ఒక్కరూ అడగరు. దాదాపు మూడు గంటలసేపు రెండు మతాల మధ్య తేడా మీదే మనల్ని నవ్వించి, తీరా లెక్క తేల్చవలసిన వేళకి అసలు తేడాయే లేదు పొమ్మన్నారు. తమిళంలో అదే ఏడాది "మిస్సియమ్మ"గానూ, 1957లో హిందీలో "మిస్ మేరీ"గానూ ఆ కథ వెళ్ళింది. అన్ని భాషల్లోనూ ఆ పిల్ల పుట్టుకే కథని గట్టెక్కించింది.

మరి చట్టం ఒప్పుకోలేదా అంటే, పరిహాసంలా వుంటుంది ఆ సంగతి. ప్రత్యేక వివాహాల చట్టాన్ని పార్లమెంటు 1954లో ఆమోదించింది. అది అమల్లోకి వచ్చింది 1955 జనవరి 1న. అంటే "మిస్సమ్మ" విడుదలైన నెలలోనే! ఆ చట్టం ప్రకారం ఎవరూ మతం మారనక్కరలేదు. ఎవరి దేవుణ్ణి వాళ్ళు వుంచుకోవచ్చు. ముప్ఫై రోజుల ముందు నోటీసు, ముగ్గురు సాక్షులు, రిజిస్ట్రారు ఎదుట సంతకాలు, అంతే. అంతకుముందు 1872 నుంచీ వున్న క్రైస్తవ వివాహాల చట్టం కిందైనా, ఇద్దరిలో ఒకరు క్రైస్తవులైతే చాలు, పెళ్ళి చేసుకోవచ్చు. రావూ మేరీ ఏ దారిన వెళ్ళినా ఎవరికీ కాలు చూపించవలసిన పని లేదు.

"ఆ రోజుల్లో జనం ఒప్పుకుంటారుటండీ?" అని ఒక సమాధానం సిద్ధంగా వుంటుంది. ఎప్పుడు ఎవరు ఏ పిరికిపని చేసినా జనం మీదికి నెట్టెయ్యడం మనకి అలవాటే. "మిస్సమ్మ"కి పదిహేడేళ్ళ ముందు, 1938లో, గూడవల్లి రామబ్రహ్మంగారు "మాలపిల్ల" తీశారు. కథ చలంగారిది. బ్రాహ్మల అబ్బాయి, హరిజనుల అమ్మాయి, కాంచనమాల ఆ అమ్మాయి. గొడవలు రేగాయి, తిట్లు వచ్చాయి. అయినా జనం విరగబడి చూశారు. ఆ పిల్లని ఆఖరి రీల్లో అగ్రహారంలో తప్పిపోయిన పిల్లగా తేల్చవలసిన అవసరం రామబ్రహ్మంగారికి కలగలేదు. 1938లో జీర్ణించుకున్న జనానికి 1955లో అజీర్తి చేస్తుందని ఎవరు చెప్పారు?

"అది సంఘ సమస్యల సినిమా, ఇది హాస్యం" అనేది రెండో సమాధానం. సమస్యని తెచ్చిపెట్టుకున్నది ఎవరు? నేనా? మేరీ కూడా హిందువుల పిల్లే అని మొదటి రీల్లోనే చెప్పి వుంటే నేను నోరెత్తేదాన్ని కాదు. ఉద్యోగం కోసం ఆడిన అబద్ధం ఒక్కటే చాలు, కావలసినంత నవ్వు పుడుతుంది. వాళ్ళే ముడి వేశారు, ఆ ముడి మీద వాళ్ళే నవ్వించారు. విప్పమని అడగడం పేరంటానికి పిలవకుండా వెళ్ళడం కాదు కదా!

న్యాయంగా చెప్పాలంటే ఈ మచ్చ చక్రపాణిగారి కాలంలో పుట్టింది కాదు. కాళిదాసు "మాళవికాగ్నిమిత్రం"లో రాజు రాణివాసపు పరిచారికని ప్రేమిస్తాడు. ఎలాగబ్బా అనుకునేలోగా ఆఖరి అంకంలో ఆమె రాకుమారి అని తేలుతుంది. అమ్మయ్య! కులం నిలిచింది, ప్రేమా నెగ్గింది. అంత పెద్దవాళ్ళ నుంచి వచ్చిన ఆస్తి కనుక మనం ఇంత భద్రంగా కాపాడుకుంటున్నాం కాబోలు.

నాకు ఎక్కువ బాధ కలిగించేది మేరీ సంగతి. ఊహ తెలిసినప్పటి నుంచీ ఆ పిల్ల మేరీ. మేరీమాతకి మొక్కుకుంది. పాటలో కన్నీళ్ళతో మొర పెట్టుకుంది. ఎవరో కాని అమ్మా నాన్నా ఎత్తుకుని పెంచి, బి.ఏ. దాకా చదివించారు. ఒక్క మచ్చ బయటపడేసరికి ఇన్నేళ్ళ పెంపకం ఒక పక్కకీ, ఆ మచ్చ ఒక పక్కకీ తూగాయి. మచ్చే బరువైంది! నేనెవర్ని, ఇన్నాళ్ళూ నేను మొక్కిన దేవత నాకేమవుతుంది అనే ప్రశ్న దగ్గర కథ నిలబడదు. "గుండమ్మ కథ"లో రాజా తను పేదవాణ్ణని అబద్ధమాడి, కట్టుకున్న సరోజ చేత చాకిరీ చేయించి పొగరు అణుస్తాడు. ఆ అబద్ధానికి సరోజకి ఎవరు సంజాయిషీ చెప్పాలని ఏ తప్పులవేటగాడూ అడగగా నేను వినలేదు. ఆడపిల్ల మీదుగా పోయే చిల్లులు వీళ్ళ కళ్ళకి ఆనవు.

సినిమా మాటకేం, ఎప్పటిదో అంటారేమో. క్రితం ఏడాది నా సీరియల్ ఒకటి వస్తుండగా ఒక పాఠకురాలు ఎంతో ఆపేక్షగా ఉత్తరం రాసింది. నా కథలో అమ్మాయి వేరే కులం అబ్బాయిని ఇష్టపడింది. "ఇద్దరూ చక్కగా వున్నారండీ, విడదీయకండి. ఆ అబ్బాయిని చివర్లో మనవాళ్ళ పిల్లాడే అని తేల్చెయ్యకూడదా? అందరికీ బావుంటుంది" అని. ఆవిడ మనసు మంచిది. ప్రేమ గెలవాలనే కోరుకుంది. కాని గెలవడానికి ఆవిడకి తోచిన దారి అదొక్కటే!

మన ఇళ్ళల్లో జరుగుతున్నదీ అదే కాదూ? పిల్ల ఎవర్నో ఇష్టపడ్డానని చెప్పగానే పెద్దవాళ్ళు దుర్భిణీ వేసుకుని మచ్చ వెతకడం మొదలుపెడతారు. "అబ్బాయి అమ్మమ్మ తరఫువాళ్ళు మనవాళ్ళేనట లెండి." "ఇంటిపేరు చూస్తే ఒకప్పుడు మనలోంచి విడిపోయినవాళ్ళే." ఏదో ఒకటి దొరికితే పెళ్ళిపందిరి లేస్తుంది. దొరకకపోతే? మాటలు ఆగిపోతాయి, రాకపోకలు ఆగిపోతాయి. అంతటితో ఆగనివీ వున్నాయి. 2018లో మిర్యాలగూడలో, కులం కాని అమ్మాయిని పెళ్ళాడినందుకు ఒక కుర్రవాణ్ణి పట్టపగలు, గర్భవతి అయిన భార్య పక్కన వుండగానే నరికి చంపించారు. ఆ అబ్బాయి ఒంటిమీద వాళ్ళకి కావలసిన మచ్చ లేదు మరి.

దీనికంతటికీ "మిస్సమ్మ" కారణమని అనేటంత తెలివితక్కువదాన్ని కాను. నవ్వుతూ నవ్వుతూ విన్న మాట తిట్టుతూ చెప్పిన మాటకంటే లోపలికి దిగుతుందని మాత్రం అంటాను. ప్రేమ గెలవాలంటే ముందు పుట్టుక కలవాలన్న మాటని మనం ఏడుపు సినిమాల్లో విని వుంటే ఏ నాడో ఎదురుతిరిగేవాళ్ళం. సావిత్రి కళ్ళల్లోంచి, రేలంగి నోట్లోంచి, అంత కమ్మటి వెన్నెల పాటల నడుమ వచ్చింది కనుక పంచదారలో కలిపిన మాత్రలా మింగేశాం. హాస్యంలో తప్పులు వెతకవద్దని నేననను. హాస్యంలోనే ఎక్కువ జాగ్రత్తగా వెతకమంటాను.

నేను "మిస్సమ్మ" చూడడం మాననూ లేదు, మీరు మానాలని చెప్పనూ లేదు. అంత హాయిగా నవ్వించే సినిమా మళ్ళీ రావడం కష్టమే. ఈసారి చూసేటప్పుడు పూలు ఎటున్నాయో, ఋజువు ఎవరు అడగలేదో పట్టించుకోకండి. మచ్చ బయటపడేచోట మాత్రం ఒక్క నిమిషం ఆపండి. ఆపి, పక్కన కూర్చున్నవాళ్ళని అడగండి. "ఆ కాలిమీద ఏ మచ్చా లేదనుకుందాం, అప్పుడు వీళ్ళకి పెళ్ళి చేస్తారా, చెయ్యరా?"

జవాబు తెరమీద దొరకదు. మీ ఇంటి చావట్లో ఎవరు ఏం చెబుతారో, ఎవరు లేచి మంచినీళ్ళ వంకతో లోపలికి వెళ్ళిపోతారో, అది చూడండి.